పల్లెకు చేరువలో దృష్టి పరీక్షకుడు

(కొత్తపట్నమున పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



మన పంచాయతీ సమావేశములలో సాధారణముగా చర్చకు వచ్చు విషయములు మీకు తెలియనివి కావు. మంచినీటి కుళాయిలు, వీథిదీపములు, మురుగుకాలువలు, శ్మశానమునకు దారి, పాఠశాలకు ప్రహరీగోడ. ఇవియన్నియు కంటికి కనిపించు అవసరములు. నేడు నేను మీ యెదుట ఉంచదలచినది ఆ కంటిని గూర్చిన అవసరమే. వీథిలో దీపము వెలుగకున్నచో మరునాటి ఉదయమే సభ్యుని ఇంటికి వచ్చి నిలదీయువారు పదిమంది ఉందురు. తన కంటిలో వెలుగు తగ్గుచున్నదని పంచాయతీకి వచ్చి అడుగువారు మాత్రము అరుదు. వయసు మీరినది, ఇక ఇంతే యని సరిపెట్టుకొని ఇంటి అరుగుపై కూర్చుందురు. అడిగినవారి అవసరమును తీర్చుట ఎంత ముఖ్యమో, అడుగలేనివారి అవసరమును గుర్తించుటయు పంచాయతీకి అంత ముఖ్యము.

నా మనవి ఒక్కటే. కంటద్దములతో బాగుపడువారు ఎవరో, వైద్యుని యొద్దకు వెంటనే పోవలసినవారు ఎవరో పరీక్షించి చెప్పగల శిక్షణ పొందిన వ్యక్తి పల్లెకు చేరువలో ఉండవలెను. శిబిరము జరిగిన నాడు మాత్రమే గాక సంవత్సరము పొడుగునను ఉండవలెను. అట్టివారిని ఆప్టోమెట్రిస్టులందురు. మనము దృష్టి పరీక్షకులని పిలుచుకొందము. పురుషులును స్త్రీలును ఈ వృత్తిలో కలరు. వీరికి మన ఆరోగ్య వ్యవస్థలో స్థిరమైన స్థానము కల్పింపవలెనని కోరుట, అందులకు మన గ్రామములను సిద్ధపరచుట నేటి అవసరము.

మన తీరము చెప్పుచున్న సంగతి

ఇది ఎక్కడనో జరిగిన ముచ్చట కాదు. మన ప్రకాశం జిల్లా సముద్రతీరమునందలి మత్స్యకార గ్రామములలోనే ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన పరిశోధకులు నలువది సంవత్సరములు, అంతకు పైబడిన స్త్రీపురుషుల చూపును ఇల్లిల్లు తిరిగి పరీక్షించిరి. ఆ ఫలితములు 2011లో ప్రకటింపబడినవి. పదిమందిలో సుమారు ముగ్గురికి, రెండు కన్నులలో మెరుగైన కంటితో చూచినను, చూపు తగినంత లేదని తేలెను. దీనికి ముఖ్య కారణములు రెండు: ఒకటి శుక్లము, రెండవది కంటద్దములతో సరిచేయదగిన దృష్టిదోషము. శుక్లమునకు శస్త్రచికిత్స కలదు. దృష్టిదోషమునకు అద్దములు కలవు. రెండింటికిని మందు తెలిసియే యున్నది. అయినను జనము మసకలో జీవించుచుండిరి.

అంతకు ముందు, 1996 నుండి 2000 వరకు, అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద అధ్యయనము జరిగెను. హైదరాబాదు నగరమునందును, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామములందును 10,293 మందిని పరీక్షించిరి. నూటికి 1.84 మంది అంధులని లెక్క తేలెను. అనగా ఐదువేల జనాభా గల గ్రామమునకు తొంబదిమందికి పైగా నన్నమాట. ఆ అంధత్వమునకు కారణములను విడదీసి చూడగా, శుక్లము వలన కలిగినది 44 శాతము. కేవలము దృష్టిదోషము వలన కలిగినది 16.3 శాతము. ఈ రెండవ అంకెను ఒకసారి నిదానముగా ఆలోచింపుడు. అంధులని లెక్కింపబడినవారిలో ప్రతి ఆరుగురికి ఒక్కరు ఒక జత కంటద్దములు లేకపోవుట చేత అంధులైరి. వారికి కత్తి అక్కరలేదు, సూది అక్కరలేదు, పరుపుపై పడుకొనవలసిన పని లేదు. శ్రద్ధగా పరీక్షించి అద్దము నంబరు వ్రాసి ఇచ్చువారు ఒక్కరు వారికి చేరువలో లేకపోయిరి.

తరువాతి కాలమున దేశము ముందడుగు వేసినమాట నిజము. 2015 నుండి 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో అంధత్వము 0.36 శాతముగా తేలినది. 2006–07లో అది 1 శాతముగా ఉండెను. నడుమ కొలబద్ద కొంత మారినను, తగ్గుదల వాస్తవమే. శుక్లమునకు లక్షలాదిగా జరిగిన శస్త్రచికిత్సలే ఇందులకు ప్రధాన హేతువు. కాని అదే సర్వే ప్రకారము ఏబది సంవత్సరములు దాటినవారి అంధత్వములో 66.2 శాతము ఇప్పటికిని శుక్లము వలననే కలుగుచున్నది. ఆసుపత్రులు పెరిగినవి. ఆసుపత్రి గుమ్మము వరకు నడిపించు చేయి ఇంకను పెరుగవలసి యున్నది.

దూరమును కొలుచు విధము

కొత్తపట్నమునకు ఒంగోలు ఎంత దూరమని ఎవరైన అడుగవచ్చును. బస్సెక్కిన గంటలోపల చేరుకొందుము. అక్కడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కలదు, కంటివైద్యులును కలరు. మరి కష్టమేమి? దూరమును కిలోమీటర్లతో గాక కూలిదినములతో కొలిచినచో కష్టము తెలియును. చూపు తగ్గిన ముసలమ్మ ఒంటరిగా బస్సెక్కలేదు. కుమారుడో కోడలో తోడు రావలెను. అనగా ఇద్దరి దినము పోవును. పేరు వ్రాయించుకొనుటకు ఒక వరుస, పరీక్షకు ఒక వరుస. అద్దములు తయారైన పిమ్మట తెచ్చుకొనుటకు మరియొక దినము. వేటకాలమునందు గాని, మిరపకోతల రోజులలో గాని ఆ దినములను వదలుకొనుటకు ఏ ఇల్లు సిద్ధపడును? కనుకనే, వచ్చే నెల చూతములే యని వాయిదా పడును. వాయిదాలు కలిసి సంవత్సరములగును. చేతులు కాలిన పిమ్మట ఆకులు వెదకినట్లు, రెండవ కన్నును మసకబారిన తరువాత ఆసుపత్రికి ప్రయాణమగుదురు.

కంటివైద్యుని ప్రతి పల్లెకు పంపుట సాధ్యము కాదు. పంపినను అది వివేకము కాదు. శస్త్రచికిత్స చేయుటకు సంవత్సరముల తరబడి శిక్షణ పొందిన నిపుణుడు ఆ సమయమును శస్త్రచికిత్సా మందిరములో వెచ్చించుట అందరికిని మేలు. ఆయన యెదుటకు నిజముగా ఎవరు పోవలెనో నిర్ణయించు తొలి పరీక్షను దృష్టి పరీక్షకుడు చేయగలడు.

ఈ వృత్తి ఏది? వీరెవరు?

మన గ్రామములలో కంటిపని చేయువారినందరిని కంటి డాక్టరనుట అలవాటు. ఇందులో నాలుగు రకములవారు కలరు. వారిని వేరుగా తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు అవసరము.

మొదటివారు కంటివైద్యులు. వైద్యవిద్య ముగించి, కంటిశాస్త్రమునందు ప్రత్యేక పట్టము పొందినవారు. రోగనిర్ణయము, చికిత్స, శస్త్రచికిత్స వీరి పని. రెండవవారు ఆప్టోమెట్రిస్టులు. ఆచరణ శిక్షణతో కలిపి నాలుగు సంవత్సరముల పట్టభద్ర విద్య చదివినవారు. చూపును కొలిచి అద్దములు నిర్ణయించుట, కంటిలోని ఒత్తిడిని చూచుట, కంటి ముందుభాగమును లోపలి నేత్రపటలమును పరికరములతో పరిశీలించుట, అనుమానాస్పదమైన లక్షణములను గుర్తించి వైద్యునికి పంపుట వీరి విద్య. మూడవవారు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలోని నేత్రసహాయకులు, స్వచ్ఛంద సంస్థల కేంద్రములలోని విజన్ టెక్నీషియన్లు. వీరి శిక్షణ కొంత తక్కువ కాలము. తొలిమెట్టు సేవకు వీరు ఆధారము. నాలుగవవారు అద్దములు కోసి చట్రములో బిగించి అమ్మువారు. వారి పనియు గౌరవనీయమే గాని, అది కంటిపరీక్ష కాదు.

ఈ చదువు మన తెలుగునేలకు క్రొత్తది కాదు. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలమున, 1958లో, దేశమునందు రెండు చోట్ల ఆప్టోమెట్రీ పాఠశాలలు స్థాపింపబడెను. ఒకటి అలీగఢ్‌లోని గాంధీ నేత్రవైద్యశాలయందు, రెండవది హైదరాబాదులోని సరోజినీదేవి నేత్రవైద్యశాలయందు. అదే 1958లో బ్రిటన్ దేశమున ఈ వృత్తిని నియమబద్ధము చేయు చట్టము వచ్చెను. ఎవరు పరీక్ష చేయవచ్చునో, ఎవరి పేరు పట్టికలో ఉండవలెనో ఆ చట్టము నిర్ణయించెను. మన దేశమున చదువు అప్పుడే మొదలైనను, చట్టము మాత్రము చాల ఆలస్యముగా వచ్చెను. 1985లో చెన్నైలో నాలుగేండ్ల పట్టభద్ర విద్య ప్రారంభమయ్యెను. చివరకు 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టమును ఆమోదించెను. ఆప్టోమెట్రిస్టులు అందులో చేర్పబడిరి. విద్యకు ప్రమాణములు నిర్ణయించుట, రాష్ట్ర మండలులు ఏర్పరచుట, అర్హుల పేర్లు పట్టికలో నమోదు చేయుట ఆ చట్టము ఉద్దేశములు. చదువు మొదలైన అరువది మూడు సంవత్సరములకు గుర్తింపు లభించినదన్నమాట. ఇక ఆ గుర్తింపును పల్లెవరకు తెచ్చు పని మిగిలి యున్నది.

పల్లెలో వీరు చేయదగిన పనులు

మొదటిది పాఠశాల. నల్లబల్లమీది అక్షరములు కనిపింపని పిల్లవాడు తనకు కనిపించుట లేదని చెప్పడు. అందరికిని లోకము అట్లే కనిపించునని అనుకొనును. అయ్యవారు వానిని మందమతి యందురు; తండ్రి బడి మాన్పించును. ఏటేటా ఒకసారి ఆరు మీటర్ల దూరమునుండి అక్షరముల పటము చూపించి పరీక్షించినచో ఈ అన్యాయము తొలగిపోవును. ఒక్కసారి అద్దములు ఇచ్చి ఊరకుండరాదు. ఎదుగు పిల్లల కంటినంబరు మారుచుండును.

రెండవది చత్వారము. నలువదేండ్లు దాటిన ప్రతివారికిని దగ్గరి చూపు తగ్గును. ఇది రోగము కాదు, వయసు ధర్మము. కాని దీనివలన కలుగు నష్టము ఎవరి లెక్కలోను చేరదు. కల్లములో ఎండుమిరప కాయలనుండి తాలుకాయలను ఏరు స్త్రీలను చూడుడు. ప్రత్తిలో చిక్కుకొన్న ఆకునలుసు ఏరువారిని, వలకన్నుల చిరుగులు కుట్టు మత్స్యకారులను చూడుడు. చేతిలో నైపుణ్యమున్నను చూపు సహకరింపక వారి పని మందగించును. అస్సాం తేయాకు తోటలలో నలువదేండ్లు దాటిన 751 మంది కూలీలతో జరిగిన ఒక పరిశోధన 2018లో ప్రకటింపబడెను. అద్దములు పొందినవారి కోత, పొందనివారితో పోల్చినచో, సుమారు 21.7 శాతము అధికముగా పెరిగెను. తేయాకు కోయు చేతికిని తాలుకాయ ఏరు చేతికిని కావలసిన చూపు ఒక్కటే. కంటద్దములు దానమని తలచువారు, అవి కూలివానికి పనిముట్టు అని గ్రహింపవలెను.

మూడవది, చప్పుడు చేయక వచ్చు వ్యాధులు. నీటికాసులు అను వ్యాధిలో సాధారణముగా నొప్పి ఉండదు. చూపు ప్రక్కలనుండి క్రమముగా కుంచించుకొనిపోవును. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని మాత్రమే కాపాడవచ్చును. చక్కెర వ్యాధి కలవారికి నేత్రపటలములోని సన్నని రక్తనాళములు చెడును. చూపు బాగున్నదని ధీమాగా నున్న కాలముననే ఆ చెడుగు మొదలగును. చక్కెర వ్యాధి కలవారు ఏటా ఒకసారి కంటి లోపలిభాగమును పరీక్షింపించుకొనవలెను. నేడు ఆ భాగమును ఛాయాచిత్రము తీసి దూరముననున్న వైద్యునికి క్షణములలో పంపుటకు సాధనములు కలవు. చిత్రము తీయువారు పల్లెలో, చూచి చెప్పువారు పట్టణములో ఉన్నను పని జరుగును.

నాలుగవది గాయములు. మన నల్లరేగడి పొలములలో ప్రత్తిపుల్ల గీసుకొనుట, మిరపపొడి పడుట, పురుగుమందు చింది కంటిలో పడుట నిత్యము జరుగునవే. పుల్ల గీసిన కన్నులో బూజుజాతి క్రిములు చేరి పుండు పడినచో, నల్లగుడ్డు మీద పువ్వు వేసి చూపు శాశ్వతముగా పోవచ్చును. ఇట్టి సమయమున ఆకుపసరు, చనుబాలు పోయుట, ఇంట మిగిలియున్న చుక్కలమందు వేయుట మిక్కిలి హానికరము. ముఖ్యముగా స్టిరాయిడు కలిసిన చుక్కలు బూజుపుండుకు ఎరువు వంటివి. మందు చిందినచో వెంటనే శుభ్రమైన నీటితో పావుగంట సేపైన కడుగవలెను. పిమ్మట ఆలస్యము చేయక చూపించుకొనవలెను. ఎక్కడ చూపించుకొనవలెనో తెలిసిన చోటు ఊరికి చేరువలో ఉన్ననాడే ఈ సలహాకు విలువ.

ఐదవది, శుక్లము గలవారిని గుర్తించి శస్త్రచికిత్సకు పంపుట. చేయించుకొని వచ్చినవారిని తిరిగి చూచుట. శస్త్రచికిత్సతో కథ ముగియదు. కన్ను ఎర్రబడెనా, చూపు ఎంత వచ్చినది, దగ్గరిపనికి అద్దములు కావలెనా యని చూచువారు ఉండవలెను.

హద్దులు ఉండవలెను

వైద్యుడు కానివానికి కన్ను అప్పగింపవచ్చునా యని కొందరికి సందేహము కలుగును. ఈ సందేహము సమంజసమే. దీనిని త్రోసిపుచ్చరాదు, సమాధానము చెప్పవలెను. బాధ్యతను పెంచుటయన్న హద్దులను చెరిపివేయుట కాదు, వాటిని స్పష్టముగా గీయుట.

మొదటి హద్దు పనికి సంబంధించినది. దృష్టి పరీక్షకుడు శస్త్రచికిత్స చేయరాదు. చట్టము అనుమతించినంతకు మించి మందులు వ్రాయరాదు. నొప్పితో ఎర్రబడి మసకబారిన కన్ను, హఠాత్తుగా పోయిన చూపు, గాయపడిన కన్ను, పసివాని కంటిపాపలో కనిపించు తెలుపు, వీటిని చూచిన దినముననే వైద్యునికి పంపవలెను. ఈ పట్టిక పరీక్షగది గోడమీద తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసియుండవలెను. రోగికి తెలిసిన హద్దును దాటుట ఎవరికిని సులభము కాదు.

రెండవ హద్దు వ్రాతకు సంబంధించినది. పంపిన ప్రతివారికిని చీటీ ఇయ్యవలెను. ఆ చీటీతో పోయినవారికి ఏమి జరిగినదో తిరిగి తెలియవలెను. పోతిరా, చికిత్స జరిగెనా, లేక నడుమ ఆగిపోతిరా? వైద్యునికిని పరీక్షకునికిని నడుమ ఈ రాకపోకలు లేనిచో ఎంత మంచి ఏర్పాటైనను కాగితములమీదనే మిగులును.

మూడవ హద్దు ధనమునకు సంబంధించినది. కన్ను పరీక్షించువాని రాబడి అద్దముల అమ్మకముమీద ఆధారపడినచో, అవసరము లేనివానికిని అద్దములు అంటగట్టు ప్రమాదము కలదు. పరీక్షకునికి జీతము స్థిరముగా ఉండవలెను. అద్దముల ధర గోడమీద వ్రాసి యుంచవలెను. నంబరు వ్రాసిన కాగితము రోగి చేతిలో పెట్టవలెను. తనకు ఇష్టమైన చోట కొనుక్కొను స్వేచ్ఛ ఆతనిది.

ఈ హద్దులు పాటించిన చోట ఫలితములు ఎట్లుండునో చూడవలెనన్న స్కాట్లండు దేశమును చూడవచ్చును. అక్కడ 2006 నుండి ప్రజలందరికిని కంటిపరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరుగుచున్నది. చూపు విషయమున ఏ ఇబ్బంది కలిగినను జనము మొదట వెళ్ళునది తమ వీథిలోని ఆప్టోమెట్రిస్టు యొద్దకే. ఆసుపత్రికి పంపవలెనా లేదా యన్నది అక్కడ తేలును. మన దేశము వేరు, మన వనరులు వేరు. కాని, మొదటి మెట్టు ఇంటికి చేరువలో ఉండవలెనను సూత్రము ఎక్కడైన ఒక్కటే.

శిబిరములు నేర్పిన పాఠము

మన రెండు తెలుగు రాష్ట్రములును ఈ దిశగా గొప్ప ప్రయత్నములు చేసినవి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటివెలుగు కార్యక్రమము ప్రారంభమయ్యెను. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలై, 1,500 బృందములతో నడిచెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టిదినమున, వై.ఎస్.ఆర్. కంటివెలుగు ప్రారంభింపబడెను. మొదట బడిపిల్లలకు, పిమ్మట 2020 ఫిబ్రవరి నుండి అరువదేండ్లు పైబడిన అవ్వాతాతలకు పరీక్షలు మొదలయ్యెను. కాని కొలది వారములకే కరోనా వ్యాధి వచ్చి పనులన్నింటికిని అడ్డుపడెను. ఈ కార్యక్రమములు లక్షలాది జనుల ముఖములకు అద్దములు చేర్చినవి. తెలంగాణ బృందములలో వైద్యాధికారితో పాటు ఆప్టోమెట్రిస్టు ఉండెను. పరీక్ష భారమును మోసినది ముఖ్యముగా ఆతడే. ఆ వృత్తివారు లేకున్నచో ఇంత పెద్ద ప్రయత్నము సాధ్యమై యుండెడిది కాదు.

కాని శిబిరము ఎంత గొప్పదైనను అది వర్షము వంటిది. నిత్యము నీరిచ్చు బావి కాదు. శిబిరము జరిగిన మరుసటి సంవత్సరము నలువదేండ్లు నిండినవారి సంగతి ఏమి? అద్దము పగిలినవారి సంగతి ఏమి? నంబరు మారిన పిల్లల సంగతి ఏమి? వేటకు పోయి ఆ దినమున ఊరలేనివారి సంగతి ఏమి? పథకముల పేర్లు మారవచ్చును, ప్రభుత్వములు మారవచ్చును. కంటి అవసరము మాత్రము మారదు. అందుచేతనే శిబిరములలో అక్కరకు వచ్చిన వృత్తివారిని స్థిరముగా నిలుపుకొనవలెనని కోరుచున్నాను.

స్థిరమైన ఏర్పాటు సాధ్యమే యనుటకు మన నేలమీదనే నిదర్శనము కలదు. 1987లో హైదరాబాదున సేవలు ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి నాయకత్వమున, గోపురము వంటి ఒక క్రమమును రూపొందించెను. 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో గ్రామీణ నేత్రకేంద్రమును స్థాపించెను. ఆ క్రమములో సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టికేంద్రము. 5 లక్షలకు శస్త్రచికిత్సలు చేయు ఒక చిన్న ఆసుపత్రి. 50 లక్షలకు ఒక పెద్ద ఆసుపత్రి. దృష్టికేంద్రములలో పనిచేయువారు ఆ ప్రాంతపు యువతీయువకులే. ఒక సంవత్సరము శిక్షణ పొంది తమ ఊరివారికే సేవ చేయుచున్నారు. 50 వేల జనాభా యన్న ఇంచుమించు మన ఒక మండలము. మండలమునకు ఒక దృష్టికేంద్రము, దానికి పట్టభద్రుడైన ఆప్టోమెట్రిస్టు పర్యవేక్షణ, దానివెనుక ఒంగోలు వైద్యుల అండ. ఇది అందరాని ఆశ కాదు.

పంచాయతీ చేయదగినది

ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా, మా చేతిలో ఏమున్నదని మీరనవచ్చును. నియామకములు చేయుట, జీతములిచ్చుట రాష్ట్ర ప్రభుత్వము పనియే. కాని రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణ ద్వారా చేర్చిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు కలవు. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో సహా ఆరోగ్యము అందులో ఒకటి. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆరోగ్యవంతమైన గ్రామము ఒక లక్ష్యముగా ఉన్నది. కావున అడుగు హక్కు మీది, అడుగుటకు తగిన ఆధారములు సమకూర్చు బాధ్యతయు మీది. అందులకు ఐదు పనులు సూచింతును.

ఒకటి: చూపు పట్టిక. ఆశా కార్యకర్తల సాయముతో ఇంటింట నలువదేండ్లు దాటినవారు, చక్కెర వ్యాధి కలవారు, బడిపిల్లలు ఎందరో వ్రాయింపుడు. కడపటిసారి కన్ను ఎప్పుడు చూపించుకొనిరో ఎదుట వ్రాయింపుడు. ఆ గడి ఎంత ఖాళీగా ఉండునో చూచినపుడు మీకే ఆశ్చర్యము కలుగును.

రెండు: గది. ఆరు మీటర్ల పొడవు, చీకటి చేయుటకు తెర, విద్యుత్తు, కూర్చుండుటకు రెండు బల్లలు. పంచాయతీ భవనములో గాని ఆరోగ్య ఉపకేంద్రములో గాని ఇట్టి గదిని వారమునకొక దినము కేటాయింపుడు. ఆ దినము మారరాదు. సంతరోజు వలె అది అందరికిని గుర్తుండవలెను.

మూడు: తీర్మానము. ఒక్క పంచాయతీ గాక మండలములోని పంచాయతీలన్నియు కలిసి తీర్మానించి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, అంధత్వ నివారణ కార్యక్రమ అధికారికి పంపుడు. మండలమునకు ఒక ఆప్టోమెట్రిస్టు స్థానమును శాశ్వతముగా మంజూరు చేయవలెనని అందులో స్పష్టముగా కోరుడు. చూపు పట్టికలోని అంకెలు ఆ తీర్మానమునకు జతపరచినచో దానికి బలము చేకూరును.

నాలుగు: మొదటి వరుస ఎవరిదో నిర్ణయించుట. ఇంట ఖర్చు వచ్చినపుడు పురుషుని కన్ను ముందు, స్త్రీ కన్ను వెనుక యగుట మనకు తెలిసినదే. ఒంటరి వృద్ధులు, వితంతువులు, కదలలేనివారు, ఆటోలు ట్రాక్టర్లు నడుపువారు ముందు పరీక్షింపబడవలెను. డ్రైవరు చూపు ఆతని ఒక్కనిది కాదు. దారిన పోవువారందరి ప్రాణము దానిమీద ఆధారపడి యున్నది.

ఐదు: గ్రామసభలో లెక్క చెప్పుట. ఎందరిని పరీక్షించిరి, ఎందరిని ఆసుపత్రికి పంపిరి, వారిలో ఎందరు నిజముగా చేరిరి, ఎందరికి అద్దములు వచ్చినవి, ఎందరు వాటిని ధరించుచున్నారు. ఈ ఐదు అంకెలు ప్రతి గ్రామసభలో చదువుడు. పంచిన అద్దములు పెట్టెలో దాచుకొన్నచో చూపు రాదు. అద్దములు పెట్టుకొన్న ఆడపిల్లకు పెండ్లి కాదను అపోహ ఇంకను అక్కడక్కడ వినబడుచున్నది. దానిని పోగొట్టుటకు గ్రామపెద్దల మాటకు మించిన మందు లేదు.

ప్రపంచ దేశములన్నియు 2021లో ప్రపంచ ఆరోగ్య సభయందు ఒక లక్ష్యమును అంగీకరించినవి. 2030 నాటికి దృష్టిదోషమునకు సరియైన అద్దములు పొందువారి పాలు 40 శాతపు అంకెల మేర పెరుగవలెనని దాని సారాంశము. ఈ మాట జెనీవాలో పలుకబడినను, అది నెరవేరవలసినది మన కల్లములలో, మన పడవలరేవులలో, మన బడిగదులలో.

సభ్యులారా! పంచాయతీ కట్టించిన గోడ మీద కట్టించినవారి పేరు ఉండును. వెలిగించిన చూపు మీద ఎవరి పేరును ఉండదు. అయినను మనుమరాలి ముఖమును స్పష్టముగా చూచిన అవ్వకును, నల్లబల్లమీది లెక్కను తానే చదివి చేసిన పిల్లవానికిని మీరు చేసిన మేలు తెలియును. రాబోవు గ్రామసభలోనే చూపు పట్టికను మొదటి అంశముగా పెట్టుడని ప్రార్థించుచున్నాను.